రిలీజ్ బిల్డ్ మింగేసిన నాన్ చెక్

నా ప్రోగ్రామ్ డీబగ్ బిల్డ్‌లో (తప్పులు వెతికే కూర్పులో) అంతా బాగుంది. వేగం కోసం మలిచిన రిలీజ్ బిల్డ్ నడిపితే కోల్డ్ స్టోరేజ్ సగటు ఉష్ణోగ్రత చోట "నాన్" (NaN, అంటే సంఖ్య కాని విలువ) అని పడింది. వైరు తెగిన సెన్సర్ రీడింగ్ వదిలెయ్యమని ఇజ్‌నాన్ (విలువ నాన్ అవునా అని చూసే ఫంక్షన్) పెట్టింది నేనే! రెండు రాత్రులు ఆ సెన్సర్‌నే తిట్టుకున్నాను, పాపం.

మీకూ ఇలాగే అయితే ముందు మేక్‌ఫైల్ (బిల్డ్ ఆదేశాలుండే ఫైల్) తెరవండి. -ఓఫాస్ట్ గానీ -ఎఫ్‌ఫాస్ట్-మ్యాథ్ గానీ అనే ఫ్లాగ్ (కంపైలర్‌కిచ్చే సూచన) ఉంటే దొంగ దొరికినట్టే. నాన్‌లు, ఇన్ఫినిటీలు రావని జీసీసీ కంపైలర్‌కి మీరే మాటిచ్చారు. రానిదానికి పరీక్ష దేనికని అది ఆ ఇఫ్‌ను ఎత్తేస్తుంది. దశాంశ సంఖ్యల ప్రమాణమైన ఐఈఈఈ 754 లెక్కలో నాన్ తనకు తానే సమానం కాదు, అందుకే "ఎక్స్ != ఎక్స్" అనే పాత చిట్కా ఉంది. ఇక్కడ అదీ చెల్లదు.

మందు తేలికే: ఆ ఫ్లాగ్ తర్వాత -ఎఫ్‌నో-ఫైనైట్-మ్యాథ్-ఓన్లీ చేర్చండి.

ఫ్లాగులు మీ చేతిలో లేకపోతే బిట్లు చూడాల్సిందే. 32 బిట్ల ఫ్లోట్‌ను మెమ్‌కాపీతో (బిట్లను ఉన్నవున్నట్టు నకలు చేసే ఫంక్షన్) అన్‌సైన్డ్ పూర్ణాంకంలోకి తెచ్చుకోండి (పాయింటర్ కాస్ట్ వద్దు, అది ఇంకో గొయ్యి). 2147483647తో యాండ్ చేస్తే గుర్తు బిట్ పోతుంది. మిగిలింది 2139095040 కంటే పెద్దదైతే నాన్, సరిగ్గా అంతే అయితే ఇన్ఫినిటీ. పూర్ణాంకాల పోలిక కాబట్టి ఫాస్ట్ మ్యాథ్ దీని జోలికి రాదు.

పరీక్షకు నాన్ బిట్లైన 2143289344ను మెమ్‌కాపీతో ఫ్లోట్‌లో పెట్టి ఇవ్వండి. రిలీజ్ బిల్డ్‌లోనే సుమా.