లివర్ కాంట్రాస్ట్ ఎమ్మారైకి వెళ్లే ముందు ఊపిరి ఆపడం ప్రాక్టీస్ చేయండి

లివర్‌లో గడ్డ ఉందేమోనన్న అనుమానంతో కాంట్రాస్ట్ ఎమ్మారైకి వచ్చేవాళ్లలో చాలామందికి సగం టెన్షన్ ఆ మెషిన్ గురించే. నేను ఆ మెషిన్ నడిపే టెక్నీషియన్‌ని. బల్ల మీద పడుకున్నాక చెప్పే సంగతులు ఇంటి దగ్గరే తెలిసి ఉంటే స్కాన్ ఎంత బాగా వస్తుందో రోజూ చూస్తుంటాను, అందుకే ఇది రాస్తున్నాను. అన్నిటికన్నా ముఖ్యం ఊపిరి బిగబట్టడం. ముందు దాని సంగతే చెబుతాను.

లివర్‌కి రక్తం రెండు దారుల్లో అందుతుంది. సుమారు ముప్పావు వంతు పేగుల వైపు నుంచి పోర్టల్ సిర తెస్తుంది, మిగతాది హెపాటిక్ ధమని తెస్తుంది. లివర్‌లోనే పుట్టే హెపటోసెల్యులర్ క్యాన్సర్ మాత్రం ఎక్కువగా ధమని రక్తం మీదే పెరుగుతుంది. అందుకని బొమ్మలో తేడా కనబడేలా చేసే కాంట్రాస్ట్ మందు చేతి నరంలోకి ఎక్కించిన అర నిమిషం అటూ ఇటూగా, ధమనిలోంచి మందు లివర్‌ని చేరే వేళకి, ఆ గడ్డ చుట్టుపక్కల కంటే తెల్లగా వెలుగుతుంది. నిమిషం దాటాక పోర్టల్ సిర మందుతో లివర్ అంతా తెల్లబడుతుంది, గడ్డ వెలుగు తగ్గి నల్లబడుతుంది. సిర్రోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడే జబ్బు) ఉన్న మనిషిలో సెంటీమీటరు దాటిన గడ్డ ఇలా వెలిగి నల్లబడితే చాలాసార్లు బయాప్సీ లేకుండానే క్యాన్సర్ అని తేల్చగలరు. హెమాంజియోమా అనే ప్రమాదం లేని రక్తనాళాల గడ్డ నడక వేరు. అది అంచుల్లో చుక్కలు చుక్కలుగా మొదలై, నిమిషాల మీద మెల్లగా లోపలికి నిండుతుంది. అంటే ఒకే గడ్డని వేర్వేరు సమయాల్లో చూస్తేనే అదేమిటో తెలుస్తుంది.

ఇందులో ధమని వేళ తీసే బొమ్మకి ఒకటే అవకాశం. మందు ముందుకు వెళ్లిపోయాక ఆ క్షణం తిరిగి రాదు. సరిగ్గా అప్పుడే మీరు ఊపిరి పీలిస్తే లివర్ కిందికి జారుతుంది, బొమ్మ అలుక్కుపోతుంది, చిన్న గడ్డలు కనబడకుండా పోవచ్చు. మందు లేకుండా తీసేవి ఎన్నిసార్లయినా తీస్తాను, ఇది మాత్రం తీయలేను.

కాబట్టి డేట్ ఇచ్చిన రోజు నుంచే ప్రాక్టీస్ మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకోండి. ఊపిరి పీల్చండి, మామూలుగా వదలండి, అక్కడ ఆపండి. పొట్ట లోపలికి పోయేలా గట్టిగా ఊదక్కర్లేదు. 15 నుంచి 20 సెకన్లు ఆగగలిగితే చాలు. వదిలి ఆపడం ఎందుకంటే, ప్రతిసారీ లివర్ దాదాపు ఒకే చోటికి వచ్చి ఆగుతుంది. కొన్నిచోట్ల పీల్చి ఆపమంటారు, అలాగైతే ప్రతిసారీ ఒకే మోతాదులో పీల్చండి. ఇంట్లో ఎవరినైనా ఫోన్‌లో టైం చూస్తూ "పీల్చండి, వదలండి, ఆపండి" అనమనండి, ఆ మాటకి శరీరం అలవాటు పడుతుంది. పొట్టలో నీరు చేరినవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు ఎంతసేపు ఆగగలరో ఉన్నదున్నట్టు ముందే చెప్పండి. తక్కువ సెకన్లలో తీసే పద్ధతులున్నాయి, కానీ మీరు చెబితేనే వాటిని సిద్ధం చేసుకుంటాం.

వినికిడి తక్కువైన ఒక పెద్దాయన విషయంలో కూతురు ముందే చెప్పబట్టి పని తేలికైంది. ఆమె దగ్గర లోహం ఏదీ లేదని చూసుకుని, చెవులకి రక్షణ పెట్టి, ఆయన కాళ్ల దగ్గర నిలబెట్టాం. నేను మైక్‌లో చెప్పగానే ఆమె పాదం ఒకసారి నొక్కితే ఊపిరి వదిలి ఆపాలి, రెండుసార్లు నొక్కితే మామూలుగా పీల్చాలి. లోపలికి వెళ్లే ముందు బయట కుర్చీలోనే రిహార్సల్ చేశారు. ధమని వేళ బొమ్మలో లివర్ అంచు గీత గీసినట్టు వచ్చింది.

సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినొద్దంటారు. షుగర్ మందులు, ఇన్సులిన్ ఎలా వాడాలో మీ డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ తెచ్చుకోండి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకీ, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకీ ఏ మందు వాడాలన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఇక్కడ వాడేది గడోలినియం మందు, సీటీలో వాడే అయోడిన్ మందు వేరు. అయినా దేనికి ఎలర్జీ వచ్చి ఉన్నా దాచొద్దు. గర్భం ఉందేమోనన్న సందేహమున్నా అంతే. పేస్‌మేకర్, చెవిలో ఇంప్లాంట్, మెదడులో క్లిప్, కంట్లో ఎప్పుడో పడిన ఇనుప రజను, ఇవి స్కాన్ రోజు గుర్తొస్తే అపాయింట్‌మెంట్ వాయిదా పడుతుంది. ఫోన్‌లోనే చెప్పేయండి.

లివర్ కణాల్లోకి వెళ్లే ప్రత్యేకమైన మందు, గడోక్సెటేట్, వాడితే సుమారు 20 నిమిషాల తర్వాత ఇంకో వరస బొమ్మలు తీస్తాం. ఆ మందులో దాదాపు సగం లివర్ కణాలు పీల్చుకుని పిత్తంలోకి వదులుతాయి. లివర్ వెలుగుతుంటే, వేరే చోటి నుంచి పాకిన గడ్డలు నల్లగా తేలతాయి. ఈ రెండో వరస కోసం ఆలస్యమైతే ఏదో చెడ్డది కనబడిందనుకుని భయపడకండి. కామెర్లు బాగా ఉంటే ఈ మందు లివర్‌కి సరిగా పట్టదు, కాబట్టి బిలిరుబిన్ రిపోర్ట్ కూడా తేవాలి. ఈ మందు ఎక్కగానే కొందరికి కొన్ని సెకన్లు ఊపిరి తడబడుతుంది, దానంతటదే సర్దుకుంటుంది. సరిగ్గా ధమని వేళకే వస్తుంది కాబట్టి ముందే తెలిసి ఉండటం మంచిది.

లోపల గట్టిగా చప్పుళ్లు వస్తాయి, చెవుల్లో పెట్టుకోవడానికి ఇస్తాం. ఇరుకు భయం ఉన్నవాళ్లు లోపలికి వెళ్లకముందే కళ్లు మూసుకోండి, మధ్యలో తెరవకండి. మత్తు తీసుకుంటే మాట విని ఊపిరి ఆపడం కష్టమవుతుంది, అందుకే నేను దాన్ని చివరి మార్గంగానే చూస్తాను. మందు ఎక్కేటప్పుడు చెయ్యి చల్లబడొచ్చు, కాస్త వికారంగా ఉండొచ్చు. సూది దగ్గర మంట, వాపు అనిపిస్తే మాత్రం మమ్మల్ని పిలవడానికి చేతికిచ్చే రబ్బరు బంతి వెంటనే నొక్కండి. తర్వాత దద్దుర్లు, దురద, ఆయాసం ఏది వచ్చినా సిబ్బందికి చెప్పండి.

ఫలితం ఏమిటని బల్ల దిగుతూనే నన్ను అడుగుతారు. మీ ఆత్రం నాకు అర్థమవుతుంది, కానీ చెప్పాల్సింది రేడియాలజిస్ట్. సిర్రోసిస్, హెపటైటిస్ బి ఉన్నవాళ్ల రిపోర్ట్‌లో, గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం ఎంతో చెప్పే ఎల్ఐ-రాడ్స్ అంకె ఉండొచ్చు: 1 అంటే కచ్చితంగా ప్రమాదం లేనిది, 5 అంటే కచ్చితంగా హెపటోసెల్యులర్ క్యాన్సర్. 3 వస్తే ఎటూ తేలలేదని, అప్పుడు కొన్ని నెలల తర్వాత మళ్లీ తీయమంటారు. ఆ రోజు రిపోర్ట్ కాగితంతో పాటు ఈసారి బొమ్మలున్న సీడీ కూడా తీసుకెళ్లండి. గడ్డ పెరిగిందా లేదా అన్నది రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది.