హేమా కత్తియుద్ధానికి జాకెట్ ఎలా ఎంచుకోవాలి?

హైదరాబాద్‌లో హేమా, అంటే పాత యూరప్ కత్తియుద్ధం, నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో చాలామంది ఒంటికి రక్షణగా వేసుకునే జాకెట్ దగ్గరే డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఫొటో బాగుందని ఆర్డర్ పెడతారు, కస్టమ్స్ సుంకం కట్టి తెప్పించుకుంటారు. తీరా వేసుకుని చెయ్యెత్తితే చంకలో పట్టేస్తుంది. వెనక్కి పంపాలంటే మళ్ళీ ఖర్చు. ఇక దాంతోనే సర్దుకుపోతూ ఆట పాడుచేసుకుంటారు. కొనేముందు కింద చెప్పిన వరసలో చూసుకుంటే ఈ బాధ ఉండదు.

1. ముందు కత్తి తేల్చుకోండి

రెండు చేతులతో పట్టే పొడుగు కత్తి లాంగ్‌స్వోర్డ్‌కి మందమైన ప్యాడింగ్ కావాలి. సన్నటి ఒంటిచేతి కత్తి రేపియర్‌లో పోట్లు ఎక్కువ కాబట్టి పలచనిదైనా గుడ్డ గట్టిదై ఉండాలి. ఒంటిచేత్తో నరికే కత్తి సేబర్‌కి మధ్యరకం. రెండు మూడు కత్తులు ఆడేవాళ్ళు మధ్యరకమే కొనాలి. లాంగ్‌స్వోర్డ్ రోజున మోచేతులకు, ముంజేతులకు ప్లాస్టిక్ గార్డులు కట్టుకుంటే సరిపోతుంది. మాస్కు, గొంతు గార్డు, గ్లవ్స్ ముందే కొని ఉంచుకోండి.

2. న్యూటన్ల అంకె చూడండి

350 లేదా 800 న్యూటన్లు అని లోపలి చీటీ మీద ఉంటుంది. మొన దిగకుండా గుడ్డ ఎంత బలాన్ని ఆపుతుందో చెప్పే అంకె అది. యూరప్ ప్రమాణంలో 350 మొదటి స్థాయి, 800 రెండోది. 1982లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఫెన్సింగ్ పోటీల్లో ఎదుటివాడి బ్లేడు విరిగి, మాస్కు జాలీలోంచి దూసుకెళ్ళి సోవియట్ ఆటగాడు వ్లాదిమిర్ స్మిర్నోవ్ ప్రాణం తీసింది. ఆ తర్వాతే మాస్కులు, బట్టలు, బ్లేడుల విషయంలో నియమాలు బిగిశాయి. అంకె లేని జాకెట్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఇక్కడే కొందరు జీన్స్ గుడ్డలో దూది పెట్టి టైలర్ చేత కుట్టించుకుంటున్నారు. మందం వేరు, పోటు ఆపడం వేరు. బొంత ఎంత మందంగా ఉన్నా దబ్బనం దిగుతుంది కదా! దూది దెబ్బ నొప్పిని తగ్గిస్తుంది, అంతే. విరిగిన బ్లేడు మొనను ఆపేది ఒత్తుగా నేసిన ప్రత్యేకమైన గుడ్డే.

ఇంకో సంగతి. ఆ అంకె చాలాసార్లు జాకెట్ మొత్తానికి వర్తించదు. గాలి ఆడాలని చంకలోనో వీపు మీదో పలచటి గుడ్డ వేస్తారు. ఏ భాగానికి ఎంత అని అమ్మేవాళ్ళను అడగండి. ఏం చెప్పినా సరే, లోపల 800 న్యూటన్ల ప్లాస్ట్రన్ వేసుకోవాలి. కత్తి చేతివైపు చంకను, పక్కటెముకలను కప్పే ఒంటిచేతి తొడుగు ఇది. దీనికి చంకలో కుట్టు ఉండకూడదు.

3. కొలత: తొందరపడొద్దు

అసలు ఇబ్బందంతా ఇక్కడే. మన టైలర్లు అంగుళాల్లో కొలుస్తారు, కంపెనీల పట్టికలు సెంటీమీటర్లలో ఉంటాయి. అంగుళానికి 2.54 చొప్పున లెక్కకట్టే బదులు నేరుగా సెంటీమీటర్ల టేపుతోనే కొలిపించుకోండి. కొలిచేటప్పుడు లోపల ప్లాస్ట్రన్ ఉండాలి, గుండెల నిండా ఊపిరి పీల్చి ఉండాలి. పొట్ట లోపలికి లాక్కుని కొలిపించుకుంటే మీకే నష్టం.

చేతి పొడవు కొలిచేటప్పుడు చెయ్యి వేలాడదీసి నిలబడొద్దు. మోచెయ్యి వంచి, మెడ వెనక ఎముక నుంచి భుజం మీదుగా, మోచేతి చుట్టూ తిప్పి మణికట్టు దాకా టేపు తీసుకెళ్ళాలి. నిటారుగా కొలిపించుకున్నవాళ్ళ జాకెట్ చెయ్యి కొట్టేటప్పుడు పైకి జరుగుతుంది. గ్లవ్‌కీ జాకెట్ చేతికీ మధ్య రెండు వేళ్ళ వెడల్పున చర్మం కనిపిస్తుంది. సరిగ్గా అక్కడే దెబ్బ పడుతుంది.

కొనేముందు మీ పక్కన ఆడేవాళ్ళ జాకెట్ అడిగి వేసుకోండి. జిప్పు, వెల్క్రో అన్నీ బిగించి, మాస్కు, గ్లవ్స్ పెట్టుకుని, కత్తి పట్టుకుని చూడాలి. పిడిని తల పక్కకు ఎత్తి మొనను ఎదుటివైపు ఉంచే ఓక్స్ భంగిమలో నిలబడండి. కుడివైపు, ఎడమవైపు రెండూ చూడండి, చేతులు అడ్డంపడినప్పుడే వీపు బిగుసుకుంటుంది. అలా బిగుసుకుంటే ఆ సైజు వద్దు. తర్వాత ముందుకు పెద్ద అడుగు వేసి కత్తి చాచండి. జాకెట్ అంచు పైకి లేచి నడుం బయటపడకూడదు. ఫెన్సింగ్ నియమాల ప్రకారం గార్డు భంగిమలో, అంటే ఆటకు సిద్ధంగా నిలబడినప్పుడు, జాకెట్ అంచు ప్యాంటు మీదికి 10 సెంటీమీటర్లైనా రావాలి. హేమాకి కూడా నేను అదే పాటించమంటాను. చివరగా గడ్డం కిందికి దించండి. కాలర్ గొంతు గార్డుని పైకి తోస్తుంటే ఆ జత పనికిరాదు.

వదులుగా ఉంటే సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో టైలర్ చేత బిగింపిస్తానంటారు కొందరు. వెల్క్రో మార్పించుకోండి, అభ్యంతరం లేదు. కానీ ఛాతీ, చంక కుట్లు విప్పి మళ్ళీ కుట్టించాక ఆ 350 అంకెని నమ్మలేం.

4. మన ఎండకి తగినట్టు

జిప్పు ముందువైపే ఉండాలి. మే నెలలో ఏసీ లేని హాలులో రెండు బౌట్లు, అంటే ఇద్దరి మధ్య పోటీలు, ఆడాక, వీపు మీద జిప్పు విప్పడానికి ఇంకొకరి కోసం ఎదురుచూడటం ప్రమాదం. కళ్ళు తిరిగితే క్షణాల్లో విప్పేయగలగాలి. జిప్పు మీద మడత తప్పనిసరి. అది తెరుచుకునే వైపు కత్తి పట్టని చేతి పక్కన ఉండాలి. రంగు లేతది తీసుకోండి. బయట ఆడేవాళ్ళకు నలుపు అస్సలు వద్దు.

5. ఉతకడం

చన్నీళ్ళలో మామూలు సబ్బు చాలు. బ్లీచ్ వాడొద్దు. డాబా మీద ఎండలో ఆరేయడం మన అలవాటు, కానీ కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నూలు ఉన్న జాకెట్‌ని ఎండే పాడుచేస్తుంది. నీడలో, ఫ్యాన్ కింద ఆరేయండి. ఉతికినప్పుడల్లా చంక కుట్లను లోపలి నుంచి వేలితో తడిమి చూడండి. దారం తేలినా, గుడ్డ పలచబడినా ఆ జాకెట్‌ని డ్రిల్స్‌కి, అంటే సాధనకు, మాత్రమే వాడాలి, బౌట్లకు కాదు.