తాగుడు, మత్తు మానడానికి ప్రభుత్వ ఆస్పత్రిలో చేరడం ఎలా? దరఖాస్తు విధానం

మానసిక చికిత్స విభాగంలో ఓపీ కిటికీ దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది: "మేము సంతకం పెడతాం సార్, వాణ్ని చేర్చుకోండి." ఆ మాట అనేది తండ్రి కావచ్చు, భార్య కావచ్చు. ఏళ్ల తరబడి పడ్డ బాధ ఆ మాటలో ఉంటుంది. దరఖాస్తు అడ్డం తిరిగేది మాత్రం అక్కడే. చేరవలసిన మనిషికి పద్దెనిమిదేళ్లు నిండి, తన చికిత్స గురించి తాను ఆలోచించుకోగల స్థితిలో ఉంటే, సంతకం అతనిదే కావాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కిస్తుంది. కాబట్టి మత్తు మాన్పించే డీ అడిక్షన్ వార్డుకూ ఇవే నిబంధనలు.

ముందు ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు. ఈ రెండు పేర్లనూ మనవాళ్లు తిట్లుగా మార్చేశారు గనుక అక్కడికి వెళ్లడానికే చాలామంది జంకుతారు. ప్రభుత్వ వైద్య కళాశాలల అనుబంధ ఆస్పత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలు ఉంటాయి, అక్కడ మొదలుపెట్టినా సరిపోతుంది. మీ దగ్గరలో మత్తు విముక్తి కేంద్రం ఎక్కడుందో 14446కు ఫోను చేసి అడగవచ్చు. మాట్లాడడానికి మనిషి కావాలనిపిస్తే 14416కు చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇక్కడ ఒక తికమక ఉంది. 1933 నంబరు పేరు కూడా 'మానస్'. అది మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థది, రవాణా, అమ్మకాల సమాచారం ఇవ్వడానికి కూడా అదే. పేర్లు పెట్టినవారికి తట్టలేదేమో గానీ, భయంతో ఫోను పట్టుకున్న తల్లికి ఆ తేడా పెద్దదే.

ఏ ఆస్పత్రికి వెళ్లినా మొదటి పని ఓపీ చీటీ రాయించుకోవడం. ఉదయమే వెళ్లండి. ఆధార్ అడుగుతారు, పట్టుకెళ్లండి. పాత మందుల చీటీలు, వాడుతున్న మందుల అట్టలు కూడా వెంట ఉంచుకోండి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి, ఇల్లూ దిక్కూ లేనివారికి ప్రభుత్వ ఆస్పత్రుల్లో మానసిక చికిత్స ఉచితం. దారిద్య్రరేఖ కార్డు చేతిలో లేకపోయినా ఆ హక్కు ఉంటుందని చట్టంలోనే రాశారు.

డాక్టరు ముందు దాపరికం వద్దు. ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు అన్న రెండు జవాబుల మీదే చికిత్స నడుస్తుంది. ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు ఒళ్లు వణికి, లేనివి కనిపించి, మతి తప్పవచ్చు, అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. అందుకే ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి 'మాన్పించడం' అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. కల్లు అలవాటున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతారు, వాటిని ఆపినప్పుడు వచ్చే బాధకు వేరే లెక్క ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డకు జనం ఎలా పోటెత్తారో హైదరాబాద్ వాళ్లకు గుర్తే.

పరీక్షించాక అందరినీ చేర్చుకోరు. చాలామందికి మందులు, కౌన్సెలింగ్‌తో ఓపీలోనే చికిత్స సాగుతుంది. "పడక ఇవ్వలేదు" అని కోపగించుకుని ఇంటిదారి పట్టకండి, చికిత్స అప్పటికే మొదలైంది.

సంతకం ఎవరిది?

తానే చేరదలచినవారు ఆస్పత్రి ఇచ్చే చేరిక పత్రం నింపి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఇంట్లోవాళ్ల అనుమతి అక్కరలేదు. చేరిన తరువాత కూడా ఏ చికిత్సకైనా ముందు వివరించి ఆ మనిషి ఒప్పుకోలు తీసుకోవాలి. భోజనంలో రహస్యంగా కలపమని అమ్మే 'తాగుడు మాన్పించే పొడులు' ఈ నియమానికి పూర్తిగా ఎదురు. వాటిలో మద్యంతో కలిస్తే ఒంటికి పడని డైసల్ఫిరామ్ వంటి మందు ఉండి, తెలియక ఆ మనిషి తాగితే గుండె మీదికి రావచ్చు.

అతను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు మాత్రం 'నామినేటెడ్ ప్రతినిధి' దరఖాస్తు చేస్తారు. ఆ ప్రతినిధి ఎవరో అతనే ముందుగా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఉంచవచ్చు. రాయకపోతే బంధువు, లేకుంటే సంరక్షకుడు ఆ స్థానంలోకి వస్తారు. కానీ ప్రతినిధి అడగగానే చేర్చుకోరు. ఒక సైకియాట్రిస్టు (మానసిక వైద్యుడు), మరో మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా డాక్టరు ఎవరికి వారుగా పరీక్షించాలి. ఆత్మహత్యకు ప్రయత్నించడం లేదా తనకు తాను హాని చేసుకుంటానని బెదిరించడం, ఇతరుల మీద దౌర్జన్యం, లేదా తన ఆలనాపాలనా తాను చూసుకోలేక ప్రమాదంలో పడడం వంటివి ఇటీవల జరిగాయని ఇద్దరూ తేల్చాలి. అలా చేర్చుకున్నా గడువు 30 రోజులే. రోగి మహిళ అయితే మూడు రోజుల్లో, పురుషుడైతే ఏడు రోజుల్లో ఆస్పత్రి ఆ సంగతి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. అన్యాయంగా చేర్చారనుకుంటే రోగి కూడా ఆ బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మైనర్ల తరఫున ప్రతినిధే దరఖాస్తు చేస్తారు. పిల్లలను పెద్దల వార్డులో ఉంచకూడదు, తోడు ఎవరో ఒకరు ఉన్నన్నాళ్లూ ఉండాలి.

గొలుసులతో కట్టడం ఎక్కడైనా నిషేధమే. రాత్రివేళ వ్యాను పంపి "మేమే ఎత్తుకొస్తాం" అనే ప్రైవేటు కేంద్రాలకు డబ్బు కట్టేముందు రెండే అడగండి: రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ వద్ద రిజిస్ట్రేషన్ ఉందా? చేరిక పత్రం మీద సంతకం ఎవరు పెడతారు? నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి.

గంజాయి వాడుతున్నానని చెబితే కేసవుతుందా?

రోగి వివరాలు గోప్యంగా ఉంచడం ఆస్పత్రి బాధ్యత. ఇప్పటికే కేసు ఉన్నవారికి మాదకద్రవ్యాల నేరాలకు సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ఒక దారి చూపింది. వాడకానికో, చిన్న పరిమాణానికో సంబంధించిన నేరమైతే, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన సంస్థలో స్వచ్ఛందంగా చికిత్స తీసుకునే వ్యసనపరుడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.  చేరిన కాగితం, డిశ్చార్జి కాగితం రెండూ వకీలుకు చూపించండి.

బయటికి రావాలంటే

తానుగా చేరిన మనిషి వెళ్తానంటే పంపించాలి. నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నాడనో, ప్రమాదం ఉందనో వైద్యుడికి అనిపిస్తే, పరీక్ష కోసం 24 గంటలు మాత్రం ఆపవచ్చు. వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం, మందుల చీటీ, మళ్లీ ఓపీకి రావలసిన తేదీ అడిగి తీసుకోండి. ఆస్పత్రి కేసు నంబరును ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ తాగడం మొదలైతే, సిగ్గుపడి కొత్త ఊళ్లో కొత్త ఆస్పత్రి వెతకనక్కరలేదు. అదే కిటికీ దగ్గర ఆ నంబరు చూపిస్తే పాత కేస్ షీట్ తీస్తారు.