డాకర్‌లో పోర్టెయినర్: బయటికి తెరవకుండా నడుపుకునే పద్ధతి

నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్ సర్వర్ చూసుకుంటాను. ఉబుంటు మీద డాకర్ (ఒక్కో ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే సాఫ్ట్‌వేర్), అందులో పిల్లల ప్రాజెక్టులు. ఒకరిది పీహెచ్‌పీ, ఇంకొకరిది పైథాన్, అందరికీ కలిపి ఒక మైఎస్‌క్యూఎల్. "మేడమ్, మా సైట్ రావట్లేదు" అని ఫోన్ వచ్చినప్పుడల్లా టెర్మినల్ తెరిచి వెతికే బదులు బ్రౌజర్‌లోనే అన్నీ కనిపిస్తే పని తేలిక. అందుకు నేను వాడేది పోర్టెయినర్. డాకర్‌ని నడిపే వెబ్ కన్సోల్ ఇది, తానూ ఒక కంటైనర్‌గానే నడుస్తుంది. కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం.

కంటైనర్ లోపల ఉన్న ప్రోగ్రామ్ బయటున్న డాకర్‌ని ఎలా ఆడిస్తుంది? సర్వర్‌లో /వార్/రన్/డాకర్.సాక్ అనే సాకెట్ ఫైల్ ఉంటుంది. మనం టైప్ చేసే డాకర్ కమాండ్లన్నీ డాకర్ ఇంజిన్‌కి చేరేది దాని గుండానే. ఆ ఫైల్‌ని పోర్టెయినర్ కంటైనర్‌లోకి మౌంట్ చేస్తాం, అంటే లోపల కూడా కనిపించేలా జోడిస్తాం. అంతే, ఇక కమాండ్ లైన్‌లో మనం చేయగలిగిందల్లా అదీ చేయగలదు.

ఇక్కడ కాసేపు ఆగండి. సాకెట్ ఇచ్చామంటే ఇంటి తాళాల గుత్తి మొత్తం ఇచ్చేసినట్టే. సర్వర్ రూట్ ఫోల్డర్‌ని మౌంట్ చేసుకుని ఒక కొత్త కంటైనర్ లేపితే చాలు, సర్వర్‌లోని ఏ ఫైల్ అయినా చదవొచ్చు, మార్చొచ్చు. అంటే పోర్టెయినర్ పాస్‌వర్డ్ దొరికినవాడికి రూట్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, దొరికినట్టే. సాకెట్‌ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేస్తే భద్రం అని కొందరు చెబుతుంటారు, నమ్మకండి. ఆ గుర్తు ఫైల్‌కే వర్తిస్తుంది. సాకెట్ గుండా వెళ్లే ఆదేశాలను అది ఆపలేదు.

అందుకే ముందు పోర్టు సంగతి తేల్చుకోవాలి. చాలామంది 9443:9443 అని పోర్టు ఇచ్చేసి, యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. డాకర్ తన పోర్టుల కోసం ఐపీటేబుల్స్‌లో (లినక్స్ అసలు ఫైర్‌వాల్ రూల్స్ ఉండే చోటు) సొంత రూల్స్ రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూలో మనం మూసిన పోర్టు కూడా అలా తెరుచుకుంటుంది. కాబట్టి 127.0.0.1:9443:9443 అని ఇవ్వండి. అప్పుడు ఆ పోర్టు సర్వర్‌కి తప్ప బయట ఎవరికీ కనపడదు. గైడ్లలో 8000 పోర్టు కూడా ఇవ్వమంటారు. అది ఎడ్జ్ ఏజెంట్ల కోసం, అంటే దూరంగా ఉన్న వేరే సర్వర్లలో నడుస్తూ ఈ పోర్టెయినర్‌కి కలిసే చిన్న ప్రోగ్రామ్‌ల కోసం. మనకున్నది ఒక్క సర్వరే అయితే తీసేయండి.

ఇప్పుడు పని మొదలుపెడదాం. 'డాకర్ వాల్యూమ్ క్రియేట్' కమాండ్‌తో పోర్టెయినర్_డేటా అనే వాల్యూమ్ (కంటైనర్ తీసేసినా డేటా మిగిలే చోటు) తయారు చేయండి. యూజర్లు, సెట్టింగులు అన్నీ ఉండేది ఇందులోనే. తర్వాత 'డాకర్ రన్'. బ్యాక్‌గ్రౌండ్‌లో నడవడానికి చిన్న డి ఫ్లాగ్, పైన చెప్పిన పోర్టు, పోర్టెయినర్ అనే పేరు, రీస్టార్ట్ పాలసీ 'ఆల్వేస్' ఇవ్వండి. ఇక రెండు మౌంట్లు. సాకెట్‌ని అదే దారిలో లోపలికి, వాల్యూమ్‌ని లోపల /డేటా దగ్గరికి. చివర ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే అచ్చు) పేరు పోర్టెయినర్/పోర్టెయినర్-సీఈ, వెర్షన్‌ని సూచించే ట్యాగ్ ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్). ట్యాగ్‌గా 'లేటెస్ట్' నేను వాడను. నలుగురు ఆధారపడ్డ సర్వర్‌లో ఎప్పుడు ఏ వెర్షన్ దిగుతుందో తెలియకపోతే టెన్షనే.

మీ ల్యాప్‌టాప్ నుంచి చూడాలంటే ఎస్‌ఎస్‌హెచ్ టనెల్ (సర్వర్‌లోకి లాగిన్ అయ్యే భద్రమైన కనెక్షన్ గుండానే ఆ పోర్టుకి దారి) వేసుకోండి. మామూలుగా లాగిన్ అయ్యే కమాండ్‌కే పెద్ద ఎల్ ఫ్లాగ్, దాని పక్కన 9443:127.0.0.1:9443 చేర్చాలి. ఆ విండో తెరిచే ఉంచి, బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో లోకల్‌హోస్ట్:9443 కొట్టండి. "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్ర హెచ్చరిక వస్తుంది. పోర్టెయినర్ తనకు తానే రాసుకున్న సర్టిఫికెట్ కాబట్టి బ్రౌజర్ అలా అంటుంది. మనం వస్తున్నది సొంత టనెల్‌లోంచే కనుక అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లొచ్చు.

వెంటనే అడ్మిన్ ఖాతా తెరవండి. కంటైనర్ లేచిన ఐదు నిమిషాల్లో అది జరగకపోతే, ఇంకెవరూ వచ్చి ఖాతా తెరవకుండా పోర్టెయినర్ తనంతట తానే ఆ పేజీ మూసేస్తుంది. టీ తాగొచ్చేసరికి "టైమ్‌డ్ అవుట్" అని కనిపిస్తే కంగారు వద్దు, 'డాకర్ రీస్టార్ట్ పోర్టెయినర్' అంటే మళ్లీ సమయం ఇస్తుంది. పాస్‌వర్డ్‌కి కనీసం 12 అక్షరాలు అడుగుతుంది. అదే మంచిది.

లోపలికి వెళ్లాక నేను ఎక్కువగా చూసేది కంటైనర్ల జాబితా, లాగ్‌లు. సైట్ రావట్లేదన్న కుర్రాడి కంటైనర్ పక్కన 'ఎగ్జిటెడ్' అని ఉంటే లాగ్ గుర్తు నొక్కుతాను. సాధారణంగా చివరి నాలుగు వరుసల్లోనే కారణం ఉంటుంది. డేటాబేస్ హోస్ట్ పేరు దగ్గర లోకల్‌హోస్ట్ అని రాసి ఉండటం తరచూ చూస్తాను. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, మైఎస్‌క్యూఎల్ ఉండేది పక్క కంటైనర్‌లో. రెండూ మనం తయారు చేసిన ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే, హోస్ట్ పేరు స్థానంలో ఆ కంటైనర్ పేరు రాస్తే సరిపోతుంది.

కొత్తవి మాత్రం పోర్టెయినర్‌లో బటన్లు నొక్కి తయారు చేయకండి. కంపోజ్ ఫైల్ (ఏ కంటైనర్లు ఎలా నడవాలో రాసే ఫైల్) రాసి, దాన్ని పోర్టెయినర్‌లోని 'స్టాక్స్'లో పెట్టండి. స్టాక్ అంటే అలా కలిసి నడిచే కంటైనర్ల గుంపు. రేపు సర్వర్ మార్చాల్సి వస్తే ఏయే బటన్లు నొక్కామో ఎవరికీ గుర్తుండదు. ఫైల్ ఉంటే పిల్లలు కూడా చదివి నేర్చుకుంటారు. టెర్మినల్ నుంచి కంపోజ్‌తో లేపిన స్టాక్ ఇందులో కనిపిస్తుంది గానీ, దాన్ని ఇక్కడినుంచి ఎడిట్ చేయడం కుదరదు. కాబట్టి ఏ దారిలో నడపాలో మొదట్లోనే తేల్చుకోండి.

అప్‌గ్రేడ్ చేసే ముందు సెట్టింగ్స్‌లో బ్యాకప్ డౌన్‌లోడ్ చేసుకోండి. కొత్త ఇమేజ్ 'పుల్' చేసి, పాత కంటైనర్‌ని ఆపి తీసేసి, మొదటి రన్ కమాండ్‌నే అక్షరం మారకుండా మళ్లీ ఇవ్వండి. డేటా వాల్యూమ్‌లో ఉంది కనుక ఖాతాలు అలాగే ఉంటాయి. పాస్‌వర్డ్ మరిచిపోతే పోర్టెయినర్‌ని ఆపి, అదే వాల్యూమ్‌ని /డేటా దగ్గర మౌంట్ చేసి పోర్టెయినర్/హెల్పర్-రీసెట్-పాస్‌వర్డ్ ఇమేజ్ నడపండి. కొత్త పాస్‌వర్డ్ తెరమీద చూపిస్తుంది. పోర్టెయినర్‌ని మళ్లీ స్టార్ట్ చేసి, లాగిన్ అయిన వెంటనే దాన్ని మార్చేయండి.