పూత లెక్క: అక్టోబరు తుపానుకు మే నెలలోనే ఊరంతా చేసుకోవలసిన పని

2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న తీరం దాటింది. 2014లో హుద్‌హుద్‌ది కూడా అదే తేదీ. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర మా మీదికే వచ్చింది. ఈ మూడు తేదీలను మా రామమందిరం గోడ మీద సుద్దతో రాసి, కింద ఒకే ప్రశ్న రాశాను: "ఆ రోజుకు మీ చేను ఏ దశలో ఉంది?"

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు ఊరు. వంశధార ఎడమ కాలువ నీరు మాకు ఆలస్యంగా అందుతుంది. ఎకరం ముప్పై సెంట్లు సొంతం, మరో ఎకరం కౌలు. తిత్లీ నాటికి రెండు చోట్లా స్వర్ణ వరి రకమే, అంటే ఎంటీయూ 7029. రెండు చోట్లా పూత మీదే ఉంది. గాలి వెలిసిన కొన్నాళ్లకు ఒక కంకి చేతిలోకి తీసుకుని గింజ గింజా గోటితో నొక్కి చూశాను. పాలు రాలేదు. పైకి చేను పచ్చగానే కనబడుతోంది, లోపలంతా గింజ పట్టని తాలు. ఆ పచ్చదనాన్ని నమ్మి కోత దాకా ఖర్చు పెట్టిన వాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అందుకే ఈ పని మొదలుపెట్టాను. మీ ఊళ్లోనూ ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

రోహిణి కార్తెకు ముందే ఊరిని కూర్చోబెట్టండి. రాత్రి భోజనాల వేళ దాటాక అయితే అందరూ వస్తారు. భూమి ఉన్నవారినే పిలిస్తే సగం సంగతులు తెలియవు. కౌలుదారులు రావాలి, ఉభాలు (వరి నాట్లు) వేసే ఆడవాళ్లు తప్పకుండా రావాలి. ముగ్గుపిండితో నేల మీద ఊరి పొలాలు గీయండి. గెడ్డ (వాగు), బంద (చెరువు), మదుములు (పొలాలకు నీరు వదిలే తూములు), రోడ్డు కింద తూములు అన్నీ అందులో ఉండాలి. తరువాత చింతపిక్కలు పంచి, కిందటి తుపానుకు ఎక్కడ ఎన్ని రోజులు నీరు నిలిచిందో అక్కడ అన్ని పిక్కలు పెట్టమనండి. మా దగ్గర మగవాళ్లు పెట్టిన పిక్కలను ఒక పెద్దమ్మ వచ్చి మార్చేసింది. "నీళ్లు ఎక్కడ నిలుస్తాయో మా కాళ్లకు తెలుసమ్మా" అంది. ఆమె చూపించిన చోట రోడ్డు ఎత్తు చేశాక తూము చాలక నీరు వెనక్కి తన్నుతోందని, మరునాడు వెళ్లి చూస్తే మాకు అర్థమైంది.

ఇప్పుడు పూత లెక్క. వరికి పూత నుంచి కోతకు దాదాపు ముప్పై రోజులు. రకం పంటకాలంలోంచి ముప్పై తీసేస్తే, విత్తిన నాటి నుంచి పూతకు ఎన్ని రోజులో వస్తుంది. 150 రోజుల స్వర్ణకు జూన్ 20న ఆకుమడి పోస్తే అక్టోబరు 18 ప్రాంతంలో పూత. తుపాను వచ్చే రోజులకు పొట్ట మీదో (కంకి ఇంకా బయటికి రాని దశ) పూత మీదో ఉంటుంది. తొందర రకం వేస్తే గండం గడిచిపోతుందని చాలామంది అంటారు, దానికీ లెక్క వేయండి. 120 రోజుల ఎంటీయూ 1010ని అదే రోజు పోస్తే అక్టోబరు 18కి కోత. అంటే పండిన చేను తుపానులో పడిపోయి, నీళ్లలో నాని, కంకి మీదే మొలకలు వస్తాయి. రకం మార్చినంత మాత్రాన చాలదు, విత్తే తేదీ కూడా కదలాలి. అదే 1010ని మెరక పొలంలో జూన్ మొదటి వారం వానలకు వెద పెడితే (నారు పోయకుండా విత్తనం నేరుగా చల్లితే) సెప్టెంబరు చివరికల్లా కోతకు వస్తుంది. నారు పీకి నాటే దెబ్బ ఉండదు కనుక వెద వరి ఒక వారం ముందే పండుతుంది కూడా. అయితే వెదలో మొదటి నెలంతా కలుపుతో పోరాటమే. ఇంట్లో మనుషులు లేనివారిని ఇందులోకి నెట్టవద్దు.

తుపాను తేదీ మన చేతుల్లో లేదు. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కాబట్టి ఊరి పొలమంతా ఒకే వారంలో పూతకు రాకుండా చూడడమే మన చేతనైన పని. ఇది ఒక్కొక్కరు విడివిడిగా చేస్తే కుదరదు. మడి నుంచి మడికి నీరు పారే చోట పైవాడు కోతకు మడి ఆరబెడుతుంటే కిందివాడికి నీరు కావాలి. ముందు పండిన ఒంటరి మడి మీద పిట్టలూ ఎలుకలూ పడతాయి. అందుకే ఒక మదుము కింది పొలాలన్నీ ఒక జట్టు, జట్టుకు ఒకే రకం, ఒకే వారంలో విత్తడం అని మేము రాసుకున్నాం. ఈ ఒక్క మాట మీద ఒప్పుకోవడానికే మాకు మూడు రాత్రులు పట్టింది. మీకూ పడుతుంది, ఓపిక పట్టండి.

చింతపిక్కలు ఎక్కువ పడిన పల్లానికి స్వర్ణ సబ్-1 అడగండి. పిలకలు వేసే దశలో పూర్తిగా మునిగినా రెండు వారాల వరకు తట్టుకుంటుంది. మామూలు వరి నీటి పైకి రావాలని సాగి సాగి నీరసించి చస్తుంది. ఇది ఎదుగుదల ఆపి, బలం దాచుకుని, నీరు తీశాక చిగురిస్తుంది. గింజ, తిండి స్వర్ణలాగే ఉంటాయి. పూత మీద మునిగితే మాత్రం ఇదీ కాపాడదు, ఆ మాట దాచకుండా చెప్పండి.

నీరు తీసిన చేను చచ్చిన దానిలాగే కనబడుతుంది. వెంటనే దున్నేయనివ్వకండి. ఆకులన్నీ బురద పట్టి, కుళ్లిన వాసన కొడుతూ ఉన్న మడిలోంచి ఒక దుబ్బు పీకి, మొదలు రెండు వేళ్లతో నొక్కండి. మెత్తగా జారిపోతే పోయినట్టే. గట్టిగా ఉండి, చీలిస్తే లోపల తెల్లగా కనిపిస్తే అది బతికే ఉంది. వారం పది రోజులు ఆగండి, కొత్త ఆకు వచ్చాకే యూరియా చల్లండి.

గట్టు ఎక్కడ తెంచాలో కూడా ఆ మే నెలలోనే తేల్చుకోండి. తుపాను రాత్రి పార పట్టుకుని కొట్టుకున్న అన్నదమ్ములను చూశాను. తెంచే చోట ముందే ఒక రాయి పాతుకోండి, కింది మడివాడు చూస్తుండగా.

ఈ-పంటలో, అంటే ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ లెక్కలో, నమోదు చేయించారా అని ఇంటింటికీ వెళ్లి అడగండి. 33 శాతం, అంతకు పైగా దెబ్బతిన్న పంటకే ప్రభుత్వ సాయం అందుతుంది, అదీ నమోదు ఉంటేనే. కౌలుదారులకు సాగుదారు హక్కు పత్రం కావాలి. యజమాని సంతకానికి వెళ్లేటప్పుడు ఒంటరిగా పంపకండి, నలుగురు తోడు వెళ్లండి. నేనూ అలా వెళ్లాకే నాకు దొరికింది.

పండిన చేను తడిసిపోతే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కోసిన పనల మీద పిచికారీ చేసి, తిరగేసి రెండో వైపూ కొట్టండి. మొలక ఆగుతుంది. సెప్టెంబరులోనే జట్టుకు ఒక బస్తా కల్లుప్పు కొని ఉంచుకోండి, తుపాను వెలిసిన రోజున సంతకు దారి ఉండదు.

చివరిగా, వాన డబ్బా. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న రేకు డబ్బాను చెట్టూ గోడా లేని చోట నిలబెట్టి, రోజూ ఉదయం 8.30కి బడిపిల్లల స్కేలుతో కొలవండి. పది మిల్లీమీటర్లంటే ఎకరం మీద నలభై వేల లీటర్లు పడినట్టు. మా ఊళ్లో ఆ పని ఏడో తరగతి చదివే ఒక పాపది. కొలిచిన అంకెను రామమందిరం గోడ మీద, ఆ మూడు తేదీల పక్కనే రాస్తుంది. విత్తడానికి నేల తడిసిందా లేదా అన్న వాదన వచ్చినప్పుడు, ఇప్పుడు పెద్దవాళ్లు కూడా ఆ గోడ దగ్గరికే నడుస్తున్నారు.