పార్టీల మీద మనసు విరిగిన విశ్వాసి మళ్లీ బూత్ దాకా ఎలా రావాలి

ఎన్నికలు అయిపోయాక తెలుగు క్రైస్తవ సంఘాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఇక నాకు రాజకీయాలూ వద్దు, ఈ చర్చీ వద్దు." రెండు వేర్వేరు గాయాలు ఒకే మాటలో బయటికి వస్తున్నాయి. వాటిని విడదీయకుండా ఎంత ఓదార్చినా పని జరగదు. ఇది అలా విసిగిపోయిన విశ్వాసి కోసం, ఆ మనిషిని తిరిగి నిలబెట్టాలనుకునే సంఘ పెద్దల కోసం రాసింది.

ముందు గాయం ఎక్కడుందో చూడండి

ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు రాయండి: ఎవరు మాట ఇచ్చారు, ఏం మాట ఇచ్చారు, నేను ఏం ఆశపడ్డాను. సాధారణంగా బాధ మూడు చోట్లలో ఒకదాని దగ్గర తేలుతుంది. నాయకుడు మాట తప్పాడు. లేదా పాస్టర్ గారు మన నమ్మకాన్ని ఓట్ల లెక్కలో వేశారు. లేదా ఉపవాసముండి ప్రార్థించినా మనం కోరినవాళ్లు ఓడిపోయారు, దేవుడు పలకలేదు.

మొదటిదానికి మందు కింద చెప్పిన పరిశీలనలో ఉంది. రెండోదానికి మత్తయి 18వ అధ్యాయంలోని వరుసే వాడాలి: ముందు పాస్టర్ గారితో ఒంటరిగా మాట్లాడండి, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లండి, అప్పటికీ కాకపోతే సంఘం ముందు పెట్టండి. చాలామంది మొదటి రెండు మెట్లూ వదిలేసి నేరుగా వాట్సాప్ గ్రూపులో రాస్తారు. దాంతో అసలు విషయం పక్కకుపోయి, ఎవరు ఎవరిని అవమానించారన్నదే మిగులుతుంది.

మూడోది లోతైన బాధ. అలాంటివారికి పెద్దలు "ఇంకా ఎక్కువ ప్రార్థన చెయ్యండమ్మా" అని మాత్రం చెప్పకూడదు. దుర్మార్గులు వర్ధిల్లుతుంటే చూసి తడబడిన మనిషి మొర 73వ కీర్తనలో ఉంది. రాజుల మీద నమ్మకం పెట్టుకోవద్దని 146వ కీర్తన సూటిగా చెబుతుంది. ఆ రెండూ ఆ మనిషి పక్కన కూర్చుని కలిసి చదవండి. చర్చకు దిగకండి.

మాట ఇచ్చినవాడి చేతిలో ఆ పని ఉందా?

మాకు తెలిసినంతలో క్రైస్తవ ఓటరు నిరాశలో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది. ఇవ్వడానికి అధికారం లేనివాడి దగ్గర అడుగుతున్నాం, అతను సరేనంటున్నాడు.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదానే తీసుకోండి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా మొదట హిందువులకే ఆ హోదా పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చాలంటే రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం పార్లమెంటే చట్టం చెయ్యాలి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది కానీ, అది కేంద్రానికి పంపిన విన్నపం మాత్రమే. ఈ అంశాన్ని పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. కాబట్టి "నేను గెలిస్తే మీకు ఎస్సీ హోదా తెస్తా" అని ఎమ్మెల్యే అభ్యర్థి అంటే, అతని చేతిలో లేనిది ఇస్తానంటున్నాడని అర్థం. అదే మాట ఎంపీ అభ్యర్థి అంటే ఇంకో ప్రశ్న అడగవచ్చు: బిల్లు వస్తే మీ పార్టీ ఎటు ఓటేస్తుంది, అది మేనిఫెస్టోలో రాసి ఉందా?

అందుకే ప్రతి హామీ పక్కన ఒక పేరు రాయండి. ఎస్సీ హోదా, విదేశీ విరాళాల చట్టం అయితే కేంద్రం. మతం మారిన ఎస్సీలకు బీసీ-సీ కింద ఉన్న ఒక శాతం రిజర్వేషను, ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం అయితే రాష్ట్రం. సమాధుల స్థలానికి తహసీల్దారు, కలెక్టరు. ఆ స్థలానికి దారి, ప్రహరీ, వీధి దీపం అయితే పంచాయతీ. ఇలా రాసుకుంటే సగం హామీలు అక్కడికక్కడే రాలిపోతాయి. మిగిలినవాటి గురించి ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది.

అభ్యర్థి అఫిడవిట్ చదవడం

నామినేషన్‌తోపాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26లో ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనూ, నో యువర్ క్యాండిడేట్ యాప్‌లోనూ అది దొరుకుతుంది. రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద కూడా పెడతారు.

మొదట కేసుల పట్టిక చూడండి. ఎన్ని కేసులన్నది అంత ముఖ్యం కాదు, ఏ సెక్షన్లన్నదే ముఖ్యం. ధర్నాలో పెట్టిన కేసు వేరు, మోసం, దాడి, ఆడవాళ్లపై నేరం వేరు. కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్నదీ అక్కడే ఉంటుంది. తర్వాత ఆస్తులు. భార్య, ఆధారపడినవారి కాలమ్‌లు వదలకండి. గత ఎన్నికల అఫిడవిట్ పక్కన పెట్టుకుని పోల్చండి, కానీ తొందరపడి తీర్పు ఇవ్వకండి. పాత భూమికి ధర పెరిగినా మొత్తం పెరుగుతుంది. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు అన్న వరుసలు చూస్తే, ఉన్నదే పెరిగిందో కొత్తగా వచ్చి పడిందో తేలుతుంది. చివరికి ప్రభుత్వానికి బకాయిలు. ఏ కాలమ్‌నూ ఖాళీగా వదలకూడదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది.

నేరచరిత్ర ఉన్న అభ్యర్థి ప్రచార గడువు ముగిసేలోగా మూడుసార్లు పత్రికల్లో, టీవీలో ఆ సంగతి ప్రకటించాలి. అతన్నే ఎందుకు నిలబెట్టారో పార్టీ కూడా కారణం చెప్పాలి. "గెలుస్తాడు" అన్నది కారణం కిందకు రాదు.

అఫిడవిట్‌లో "క్రైస్తవుడు" అన్న కాలమ్ ఉండదు. అభ్యర్థి మన మతంవాడేనా అని తెలుసుకునే ఆరాటం పక్కన పెడితేనే ఈ కాగితం మీకు ఉపయోగపడుతుంది.

ఆదివారం ఆరాధనలోకి అభ్యర్థి వస్తే

ప్రచారం జోరుగా ఉన్న ఆదివారం. రెండో పాట సగంలో బయట కార్లు ఆగుతాయి. మెడలో కండువాతో పది మంది లోపలికి వస్తారు. ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మలను లేపి అక్కడ కుర్చీలు వేస్తారు. పాస్టర్ గారు శాలువా కప్పి, తల మీద చెయ్యి పెట్టి "విజయం దయచెయ్యి ప్రభువా" అంటారు. మధ్యాహ్నానికల్లా ఆ వీడియో ఊరంతా తిరుగుతుంది. అవతలి పార్టీకి ఓటేసే నాలుగు కుటుంబాలు వచ్చే ఆదివారం రావు. నెల తర్వాత నాయకుడి పేరు అచ్చేసిన ప్లాస్టిక్ కుర్చీలు వస్తాయి. ఆ పేరు మీదే కూర్చుని సంఘం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకుంటుంది. ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించొద్దని యాకోబు పత్రిక రెండో అధ్యాయం చెప్పేది సరిగ్గా దీన్ని గురించే.

ఇది చట్టానికి కూడా విరుద్ధం. మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం, 1988 ప్రకారం ప్రార్థనా స్థలాన్ని రాజకీయ పనికి వాడనిచ్చిన నిర్వాహకులకు ఐదేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా పడవచ్చు. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ మతం పేరుతో ఓటడగడాన్ని అవినీతి చర్య అంటుంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. ఫలానా గుర్తుకు వెయ్యకపోతే దేవుని కోపం తగులుతుందని బెదిరించడం కూడా అదే సెక్షన్ కిందకు వస్తుంది.

కాబట్టి ఎన్నికల నోటిఫికేషన్ రాకముందే పెద్దలు కూర్చుని తీర్మానం రాసి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు పెట్టండి. వేడి మొదలయ్యాక ఈ పని చెయ్యబోతే ఏదో ఒక పార్టీకి వ్యతిరేకంగా చేసినట్టు కనబడుతుంది. తీర్మానంలో ఇవి ఉండాలి: ఎవరైనా ఆరాధనకు రావచ్చు, కండువా గేటు దగ్గర తియ్యాలి, ఖాళీ ఉన్న వరుసలో కూర్చోవాలి. మైకు ఇవ్వం, శాలువా కప్పం. అభ్యర్థుల పేర్లతో ప్రార్థిస్తే అందరి పేర్లూ చెబుతాం, లేదా ఎవరివీ చెప్పం. నోటిఫికేషన్ నుంచి లెక్కింపు దాకా ఏ పార్టీ మనిషి నుంచీ కానుక, రేకులు, సౌండ్ బాక్సులు తీసుకోం. పాస్టర్ గారికి పౌరుడిగా ఓటుంది, అభిప్రాయమూ ఉంటుంది. ఆ అభిప్రాయాన్ని ప్రసంగ వేదిక మీదికి తేకపోతే చాలు.

తీర్మానం రాసిన రోజే స్థానిక నాయకులందరికీ ఒక్కో ప్రతి పంపండి. చెప్పకుండా గేటు దగ్గర ఆపితే గొడవవుతుంది.

డబ్బు, ప్రమాణం, నోటా

పంచేవాళ్లు ఎక్కువగా డ్వాక్రా గ్రూపు లీడరు ద్వారానో, పక్కింటి వాళ్ల ద్వారానో వస్తారు కాబట్టి మొహమాటమే పెద్ద చిక్కు. ఒక మాట ముందే సిద్ధం చేసుకోండి: "మేం ఏ పార్టీ దగ్గరా తీసుకోం అన్నా, ఓటు మాత్రం తప్పకుండా వేస్తాం." అంతకు మించి వివరణ వద్దు, వాదన మొదలవుతుంది. ఓటుకు డబ్బు ఇవ్వడమూ తీసుకోవడమూ భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద నేరాలే. బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంటే, ఆ ఒట్టుకు భయపడి ఓటెయ్యాల్సిన పని లేదు. లంచం కోసం వేయించిన ఒట్టు దేవుని ముందు మొక్కుబడి కాదని పెద్దలు ఆదివారం నాడే తేటగా చెప్పాలి. చెప్పకపోతే పేద ఆడవాళ్లే ఆ భయం మోస్తారు.

పంపకం మీ కళ్లముందే జరుగుతుంటే ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో అప్పటికప్పుడు ఫోటో గాని, రెండు నిమిషాల లోపు వీడియో గాని తీయండి. గ్యాలరీలో ఉన్నది ఎక్కించడం కుదరదు. పేరు చెప్పకుండా కూడా పంపవచ్చు. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది నియమం.

అందరినీ పరిశీలించాక ఎవరికీ వెయ్యలేననిపిస్తే నోటా (పైవారెవరూ కాదు అన్న మీట) ఉంది. కానీ దాని హద్దు తెలుసుకుని నొక్కండి. నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు. రిజిస్టర్‌లో సంతకం చేశాక "వెయ్యను" అంటే ఆ సంగతి అధికారి రాసుకుంటాడు, రహస్యం పోతుంది. నోటాలో రహస్యం పోదు. మీ గుర్తు పడిన చీటీ వీవీప్యాట్ (ఓటు చీటీ చూపే యంత్రం) అద్దం వెనక ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడిపోతుంది. ఎవరికి వేశారో భర్తకు గాని, పాస్టర్‌కు గాని తెలిసే దారి లేదు.

లెక్కింపు అయ్యాక

హామీల కాగితం పారెయ్యకండి. గెలిచినవారికి ఒకే ఒక్క పని, ఉదాహరణకు సమాధుల స్థలం, సర్వే నంబరుతో సహా రాసి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. పది కోరికలు ఒకే అర్జీలో పెడితే ఒక్కదానికీ జవాబు రాదు. మూడు నెలల్లో కదలిక లేకపోతే తహసీల్దారు కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ఫైలు ఏ టేబుల్ మీద, ఏ తేదీ నుంచి ఆగిందో అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేసుకోవచ్చు. అర్జీ పెట్టేటప్పుడు సంఘంలో రెండు పార్టీలకూ ఓటేసినవాళ్ల సంతకాలూ దాని మీద ఉండేలా చూడండి.