యూరప్ నగరాల్లో స్పెషాల్టీ కాఫీని రుచి చూడడం ఎలా?

చికోరీ కలిసిన చిక్కటి డికాక్షన్‌కు అలవాటుపడిన నాలుకకు, ఉత్తర యూరప్‌లో ఓస్లోలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఇచ్చే స్పెషాల్టీ కాఫీ మొదటి గుక్కలో పుల్లటి టీ నీళ్లలా తోస్తుంది. రుచి పరీక్షలో 100కి 80 గానీ అంతకు మించి గానీ మార్కులు వచ్చిన గింజలనే స్పెషాల్టీ అంటారు. అక్కడ వాటిని చాలా తక్కువగా వేయిస్తారు. అందుచేత ముదురుగా వేయించే యూరప్ దక్షిణాది నగరాలతో మొదలుపెట్టి, ఉత్తరానికి వెళ్లేలా ప్రయాణం వేసుకోవడం మంచిది.

మొదట ఇటలీ రేవు పట్టణం ట్రియెస్టేలో దిగండి. ఆ ఊళ్లో ఎస్ప్రెస్సోను (యంత్రంలో ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీని) ‘నేరో’ అంటారు. ‘కాపో ఇన్ బి’ అని అడిగితే, పాల నురగ కలిపిన ఎస్ప్రెస్సోను చిన్న గాజు గ్లాసులో ఇస్తారు. ఇటలీలో చాలాచోట్ల కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకా ఎక్కువ ధర ఉంటుంది కనుక స్థానికుల్లాగే నిలబడి తాగండి.

తర్వాత వియన్నాలో ఒక పూట ఆగి, మంచినీళ్ల గ్లాసుతో పాటు వచ్చే మెలాంజ్‌ను (పాలు, నురగ కలిపిన కాఫీని) నింపాదిగా తాగండి. ఇది స్పెషాల్టీ కాఫీ కాకపోయినా, అలా కూర్చునే అలవాటు ముందు ముందు పనికొస్తుంది.

అసలు పని ఓస్లోలో ఉంది. 2004లో ప్రపంచ బరిస్టా (కాఫీ తయారుచేసి ఇచ్చే నిపుణుల) పోటీలో గెలిచిన టిమ్ వెండెల్‌బో, గ్రూనర్‌లొక్క పేటలో 2007లో తెరిచిన దుకాణం తక్కువగా వేయించే ఈ తరహాకు పేరుపడింది. ఇలాంటి చోట పాలు లేని ఫిల్టర్ కాఫీనే అడగండి. అయితే మన ఇత్తడి ఫిల్టర్‌కూ దీనికీ పేరొక్కటే పోలిక. లీటరు నీళ్లకు సుమారు 60 గ్రాముల పొడి వేసి, కాగితపు వడపోతలోంచి దించుతారు. గింజలు ఏ దేశానివో, పండు గుజ్జు తీసి కడిగినవో, పండుతోనే ఎండబెట్టినవో బరిస్టాను అడగండి. కొత్తవారికి గుజ్జు తీసి కడిగిన ఇథియోపియా గింజలు నయం. కప్పు రాగానే వాసన చూసి, ఒక్క గుక్క తాగి, అయిదు నిమిషాలు వదిలేయండి. పొగలు కక్కేదే కాఫీ అని పెరిగిన మనకు ఇది కష్టమే గానీ, గోరువెచ్చగా అయ్యాకే నిమ్మ, మల్లె వంటి పరిమళాలు బయటపడతాయి.

రోజుకు మూడు కప్పులు మించవద్దు. ఇద్దరుంటే ఒక కప్పును పంచుకోండి. చాలా దుకాణాలు సాయంత్రానికే మూసేస్తారు కనుక ఉదయమే వెళ్లండి. ఇంటికి పొట్లం కొనేటప్పుడు గడువు తేదీ కంటే వేయించిన తేదీ చూడండి. అది నెల దాటిందైతే పక్కన పెట్టండి. ఎప్పుడూ పొడి చేయని గింజలనే తీసుకోండి.